పలకకపోవడం వేరు, కాదనడం వేరు

చేతిలోని స్పానరు కింద పడేసి, నూనె చేతులు ప్యాంటుకే తుడుచుకుని, అబ్దుల్ గఫార్ షెడ్డులోంచి విసవిసా బయటికి నడిచిన దగ్గర మనం ఆగాం. ఆ విసురు ఎందుకో మరిచిపోయిన వాళ్ళకి నాలుగు ముక్కలు చెప్పాలి. నరసరావుపేట మీదుగా పోయే లారీ డ్రైవర్లలో గఫార్ షెడ్డు ఎరగనివాడు లేడు. అతని చేతి పని ఎంత పేరుపొందిందో నోరు అంతకన్నా పేరుపొందింది. ఎనిమిదేళ్ళ కిందట ఒక గేరుబాక్సు బిగింపులో తేడా వచ్చిందని తమ్ముడు రసూల్‌ని డ్రైవర్లందరి ముందు చెంప మీద కొట్టాడు. రసూల్ మారు మాట్లాడకుండా ఆ సాయంత్రమే నడికుడి వెళ్ళి రైలెక్కాడు. ఆ తర్వాత ఉత్తరం లేదు, కబురు లేదు.

మొన్న వేసవిలో దానయ్య అనే లారీ డ్రైవరు షోలాపూర్‌లో ఒక షెడ్డు ముందు రసూల్‌ని చూశాడు. పలకరించే ధైర్యం చాలక, షెడ్డు బోర్డు మీది ఫోను నంబరు మాత్రం గుర్తుపెట్టుకొచ్చాడు. ఇంతలో తల్లి అమీనా బీ కడుపులో గడ్డ ఉందని తేలింది. సోమవారం గుంటూరులో ఆపరేషన్. రసూల్ గొంతు వినకుండా బల్ల ఎక్కనని ఆవిడ మొండికేసింది. షెడ్డు పక్కనే పత్తి కమిషన్ కొట్టు ఉంది. ఆ కొట్టు గుమాస్తా గురవయ్య తన ఫోను నుంచి మూడుసార్లు ట్రంకాల్ చేసి, మూడుసార్లూ రసూల్ మాట్లాడనన్నాడని కబురు తెచ్చాడు. గఫార్ మూడుసార్లూ ఆ కబురు తల్లి చెవిన వేశాడు. అప్పటినుంచీ ఆవిడ గోడవైపు తిరిగి పడుకుంది. ఆపరేషన్‌కి ఊ అనడం లేదు, ఊహూ అనడం లేదు.

ఇవాళ శనివారం. సోమవారం దాటితే తన చేతుల్లో ఉండదని డాక్టరు పొద్దునే చెప్పాడు. ఆ మాట విన్న దగ్గర్నుంచీ గఫార్ బుర్ర వేడెక్కిపోయింది. తమ్ముడు కాదంటే కాదననీ, ఆ కాదనడం తన చెవులతో తనే వింటాడు. విని, ఎనిమిదేళ్ళుగా దాచుకున్న తిట్లన్నీ తిడతాడు. అందుకే టెలిఫోను ఎక్స్ఛేంజీ వైపు నడుస్తున్నాడు.

వెనకాల గురవయ్య పంచె ఎత్తి పట్టుకుని పరుగులాంటి నడకతో వస్తున్నాడు. "ఒరేయ్ గఫారూ, ఆగరా! మూడుసార్లు వద్దన్నోడి కాళ్ళు నాలుగోసారి పట్టుకుంటావా? పరువుండాల్రా మనిషికి."

"కాళ్ళు పట్టుకోను బాబాయ్. చొక్కా పట్టుకుంటా."

"ఫోన్లో చొక్కా ఎట్టా దొరుకుద్దిరా?"

గఫార్ నడక జోరు పెంచాడు.

ఎక్స్ఛేంజీలో బయటి గది మాత్రమే జనానిది. ఒక బల్ల, గోడలో ఒక కిటికీ, మూలన అద్దం తలుపుతో చెక్క బూత్. లోపలి గదికి అన్యులకు ప్రవేశం లేదని బోర్డు ఉంటుంది. కిటికీ అవతల ఫిలోమినా కూర్చుంటుంది. ఊళ్ళో ఫోనున్న ప్రతివాడికీ ఆవిడ గొంతు తెలుసు, మొహం తెలిసినవాళ్ళు తక్కువ. గఫార్ కూడా చూడటం ఇదే మొదలు. అంత గొంతున్న మనిషి ఇంత చిన్నగా ఉంటుందని అతను అనుకోలేదు.

"షోలాపూర్‌కి అర్జెంటు కాల్ అమ్మా. రసూల్ అనే మనిషి కావాలి. సోమవారం మా అమ్మకి ఆపరేషన్ అని చెప్పు. ఈసారి మాట్లాడనంటే ఆ ముక్క వాడి నోటితోనే నాకు చెప్పమను."

ఫిలోమినా తలెత్తింది. "మాట్లాడనని ఎవరన్నారు భాయ్?"

"వాడే. మూడుసార్లు అన్నాడు."

"నా లైన్లోనా?" ఆవిడ గఫార్ భుజం మీదుగా గురవయ్య వైపు చూసింది. "గురవయ్య గారూ, షోలాపూర్ కాల్ అంటే గుంటూరు దాటించి, హైదరాబాద్ దాటించి గొంతు చించుకోవాలి. మూడుసార్లూ నేనే చించుకున్నా. అట్టాంటివి మర్చిపోతానా? కానీ ఒకరి కాల్ సంగతి ఇంకొకరికి చెప్పకూడదు మేం. మీ కొట్టు నంబరు కాబట్టి మీరు అడగండి, మీకు చెప్తా. పక్కన నిలబడి ఎవరన్నా వింటే నాకు సంబంధం లేదు."

గురవయ్యకి ఇందులో అడగడానికి ఏముందో అర్థం కాలేదు. "అడిగేదేందమ్మా? మొదటిసారి రింగు పోతంది, ఎవరూ ఎత్తట్లా అన్నావు."

"అన్నాను. మరి మీరు ఆయనకేం చెప్పారు?"

"అదే చెప్పా. మాట్లాడటం ఇష్టం లేదంట అని."

గఫార్ నెమ్మదిగా గురవయ్య వైపు తిరిగాడు. గురవయ్య మొహంలో దొంగతనం లేదు. పైగా, తను చేసింది తప్పెలా అవుతుందన్న ఆశ్చర్యం ఉంది.

ఆయన్ని అనుకుని లాభం లేదు. పత్తి కమిషన్ కొట్లో జీవితం అరగదీసిన మనిషి. ఆ వ్యాపారంలో ఎవరూ ఎవర్నీ నోటితో వద్దనరు. వద్దంటే వచ్చే సీజనుకి గుమ్మం మూసుకున్నట్టే. రేటు నచ్చకపోతే అవతలి సేటు ఫోను ఎత్తడు. ఇంకా పట్టుబట్టి చేస్తే గుమాస్తా చేత సేటు లేడనిపిస్తాడు. అప్పటికీ వదలకపోతే రేపు చేయమంటాడు. ఈ మూడింటికీ అక్కడ ఒకటే అర్థం. బేరం లేదు, పోరా అని. దాన్ని అర్థం చేసుకోలేని గుమాస్తాని ఏ కొట్టూ రెండోనెల ఉంచుకోదు. గురవయ్య తనకొచ్చిన విద్యతో తమ్ముడి సంగతి కూడా అలాగే తేల్చేశాడు.

"మొదటిసారి పోయిన వారం శుక్రవారం చేశారు మీరు," అంది ఫిలోమినా. "నమాజుకి పోయుంటారు, షెడ్డు మూసుకుని ఉంటారు. ఎవరూ ఎత్తకపోతే ఎవరూ ఎత్తలేదనే అర్థం, అంతే."

"ఆఖరిసారి లైను తీసేయించాడు గదమ్మా! ఆ నంబరే లేదని నువ్వే గదా అంటివి?"

"నంబరు లేదన్నాను. తీసేయించాడని అన్నానా?" ఆవిడకి కోపం రాలేదు కానీ గొంతు కొంచెం గట్టిపడింది. "భాయ్, మీరు ఆ బూత్‌లోకి వెళ్ళి రిసీవరు చెవిన పెట్టుకోండి. చెప్తే కాదు, వింటే తెలుస్తది."

గఫార్ బూత్‌లోకి దూరాడు. అద్దంలోంచి కిటికీ కనిపిస్తోంది. ఫిలోమినా చెవులకి హెడ్‌ఫోను సర్దుకుని బోర్డులో ఒక తీగ గుచ్చింది. రిసీవర్లో మోగి ఆగి, మోగి ఆగి, తీరుబడిగా శబ్దం వస్తోంది. "ఇది గుంటూరులో నాకు తెలిసిన ఇల్లు. ఇప్పుడు అందరూ గుడికి పోయారు. ఫోను మోగుతానే ఉంది, ఎత్తే మనిషి లేడు. ఇదే నో రిప్లై." తీగ మార్చింది. ఈసారి తొందరతొందరగా, ఎక్కిళ్ళు పెట్టినట్టు శబ్దం. "ఇది ఎంగేజ్. మనిషున్నాడు, వేరేవాళ్ళతో మాట్లాడతన్నాడు. కాసేపాగి చెయ్యాలి." మళ్ళీ మార్చింది. ఈసారి ఎడతెగని ఒకటే మోత. "ఇది ఆ నంబరే లేదని. మూడోసారి మీ షోలాపూర్ నంబరుకి వచ్చింది ఇదే."

అద్దం అవతల ఆవిడ ఇంకా ఏదో చెబుతోంది కానీ గఫార్ వినడం లేదు. అతని చెవికి శబ్దాలే బతుకు. బానెట్ ఎత్తకుండానే, సెల్ఫ్ కొట్టిన తీరు విని జబ్బు చెప్పగలడు. సెల్ఫ్ తిరిగి ఇంజిను అందుకోకపోవడం వేరు. సెల్ఫే తిరగకపోవడం వేరు. ఇంజిను నడుస్తూ గేరు పడకపోవడం ఇంకా వేరు. బండి కదలట్లేదని మాత్రం చెప్పి ఊరుకున్న డ్రైవర్లని అతను ఎన్ని తిట్లు తిట్టేవాడు! కదలకపోతే ఎందుకు కదల్లేదో చెప్పు, డీజిల్ లేకనా, బ్రేకు పట్టేసిందా, నువ్వు పడుకున్నావా అని. అలాంటివాడు తమ్ముడు పలకలేదంటే ఒక్క ప్రశ్న వేయలేదు. మూడుసార్లు విన్నాడు, మూడుసార్లూ నమ్మాడు. ఎందుకు నమ్మాడో కూడా అతనికి ఇప్పుడు తెలుస్తోంది. ఆ చెంపదెబ్బకి రసూల్ అలాగే అనాలని లోపల ఎక్కడో అతనే తీర్పు చెప్పుకుని ఉన్నాడు.

బూత్‌లోంచి బయటికొచ్చి కిటికీ ముందు నిలబడ్డాడు. "మరి రెండోసారి?"

ఫిలోమినా గురవయ్య వైపు చూసి, జాలిపడినట్టు చూపు తిప్పుకుంది. "మీరు చెప్తారా గురవయ్య గారూ?"

గురవయ్య పెదాలు తడుపుకున్నాడు. ఆయనకి అర్థమవడం మొదలైంది. "రెండోసారి... రెండోసారి ఎత్తారురా. రసూల్ లేడన్నారు. బండేదో రోడ్డు మీద ఆగిపోతే పోయాడన్నారు. రేపు చెయ్యమన్నారు."

"అంతేనా అన్నారు?" అంది ఫిలోమినా.

"రేపు ఇదే వేళకి చెయ్యమన్నారు. మనిషిని..."

మిగిలిన మాట ఫిలోమినాయే అంది. "నరసరావుపేట నుంచా అని రెండుసార్లు అడిగారు భాయ్. రేపు ఇదే వేళకి చెయ్యండి, పని ఆపించి మనిషిని ఫోను పక్కనే కూర్చోబెడతా అన్నారు. ఆయనెవరో షెడ్డు యజమాని లాగా ఉన్నారు. నేను మాట పొల్లుపోకుండా చెప్పాను."

"మాలో రేపు చెయ్యమంటే ఇంక చెయ్యొద్దనే గదమ్మా," అన్నాడు గురవయ్య. చాలా నీరసంగా అన్నాడు.

గఫార్ వెనక్కి నడిచి బల్ల మీద కూర్చున్నాడు. రసూల్ ఎలా కూర్చుంటాడో అతనికి తెలుసు. పాత టైరు మీద, ఒక మోకాలు ఊపుకుంటూ, గోళ్ళలో గ్రీజు గీక్కుంటూ. ఆ మర్నాడంతా అలా కూర్చుని ఉంటాడు. ఫోను మోగినప్పుడల్లా లేచి ఉంటాడు. ఎవరో డీజిల్ గురించి, ఎవరో టైర్ల గురించి మాట్లాడి పెట్టేసి ఉంటారు. సాయంత్రానికి షెడ్డులో పనివాళ్ళు తన వైపు చూడకుండా తిరుగుతుంటే, వాడే లేచి చేతులు కడుక్కుని ఉంటాడు. కాదన్నది రసూల్ కాదు. రసూల్ లెక్కలో, ఎనిమిదేళ్ళ తర్వాత పిలిచి మరీ కాదన్నది అన్నే. గఫార్‌కి ఏడుపొచ్చింది. దాచుకోలేదు.

గురవయ్య వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. "నన్ను కొట్టరా గఫారూ."

"నిన్ను కొడితే ఏమొస్తది బాబాయ్? కొట్టి ఒకణ్ణి పోగొట్టుకున్నా, చాల్దా?" చేతిగుడ్డతో మొహం తుడుచుకున్నాడు. గ్రీజు మొహమంతా అయింది. "అమ్మా, నంబరు లేదంటివి. మరి మనిషిని ఎట్టా పట్టుకోవాలి?"

"నంబరు లేదంటే మనిషి లేడని కాదు. అక్కడ కొత్త మిషన్లు పెట్టి నంబర్లు మార్చుంటారు. ఆ ఊరి ఆపరేటర్ని అడిగితే పాత నంబరుకి కొత్తదేదో చెప్తారు. ఆరోజే కనుక్కుంటా, ఉండండి అన్నాను. ఈయన క్యాన్సిల్ చెయ్యమన్నారు." అంటూనే ఆవిడ తీగ అందుకుంది. "బూత్‌లోకి పొండి."

తర్వాత చాలాసేపు పట్టింది. గఫార్ రిసీవరు చెవికి అదుముకుని ఆడగొంతులు ఒకదాన్నొకటి పిలుచుకోవడం విన్నాడు. వాళ్ళకి పేర్లుండవు, ఊళ్ళే పేర్లు. "గుంటూరూ, హైదరాబాద్ ఇవ్వు తల్లీ, అర్జెంటు." "లైన్లు ఖాళీ లేవు నరసరావుపేటా, ఆగు." "ఆగను, అడుగు ఇంకోసారి." "హైదరాబాద్! హైదరాబాద్!" ఎక్కడో దూరాన హిందీలో ఇంకో గొంతు, విసుగ్గా ఉన్నా మంచిదే, పాత నంబరు అడిగి కొత్త నంబరు చెప్పింది. ఫిలోమినా దాన్ని పైకి అప్పగించింది. అవతల ఫోను మోగింది. మోగి ఆగి, మోగి ఆగి. ఇప్పుడు ఆ మోత గఫార్‌కి తెలిసిన మోత. ఎవరో ఎత్తారు.

ఎత్తగానే అతని చెవిలో శబ్దం పోయింది. మనిషి దొరికేదాకా పిలిచినవాడికి లైను కలపకూడదని రూలు. గఫార్‌కి ఇక అద్దమే గతి. ఫిలోమినా పెదాలు కదులుతున్నాయి. ఆగింది. మళ్ళీ కదిలాయి. వింటోంది. చాలాసేపు వింది. ఒకసారి కళ్ళు మూసుకుని తెరిచింది. తీగ తీయకుండానే లేచి కిటికీ దగ్గరికొచ్చింది.

"దొరికారు," అంది. "ఫోను దగ్గరే ఉన్నారు. మీ పేరు చెప్పాను భాయ్. మాట్లాడనన్నారు."

గఫార్ బూత్ తలుపు పట్టుకున్నాడు. "వాడేనా? వాడి నోటితోనేనా?"

"ఆయన నోటితోనే. ఇది మాత్రం కాదనడమే."

బయట బల్ల మీద గురవయ్య తల పట్టుకున్నాడు. విచిత్రమేమిటంటే గఫార్‌కి అనుకున్నంత దెబ్బ తగల్లేదు. కాదనాలంటే మనిషి ఉండాలి. పేరు వినాలి. వాడున్నాడు, అన్న పేరు విన్నాడు, కోపంగా ఉన్నాడు. చిన్నప్పటి నుంచీ వాడి కోపం గఫార్‌కి తెలుసు.

"పెట్టెయ్యలేదు కూడా," అంది ఫిలోమినా తగ్గు గొంతుతో. "అమ్మ బతికుందా అని అడిగారు. ఉంది, సోమవారం ఆపరేషన్ అని చెప్పాను. తర్వాత, అమ్మ అయితే మాట్లాడతానన్నారు. ఆరింటికి షెడ్డు మూస్తారంట, అప్పటిదాకా ఫోను దగ్గరే కూర్చుంటారంట. ఇంకోరోజు మాత్రం కూర్చోనని చెప్పమన్నారు."

గఫార్ గోడ గడియారం చూశాడు. ఐదు దాటింది.

"ఇక్కడిదాకా ఎందుకురా, కొట్లో ఫోనుకి తీసుకురా అమ్మని!" గురవయ్య అప్పటికే గుమ్మం దగ్గరున్నాడు, మొలతాడుకున్న తాళంచెవి చేత్తో తడుముకుంటూ. "మీ వీధి చివరే గదా. నేను పోయి తలుపు తీసుంచుతా. అమ్మా, కొట్టు నంబరుకే కలుపు!"

"లైను మళ్ళీ దొరకడం నా చేతుల్లో లేదు. దొరికిన నిమిషాన మీరు ఆడ ఉండాలి," అని ఫిలోమినా అనేసరికి ఇద్దరూ రోడ్డు మీద ఉన్నారు.

గఫార్ ఇంటికి చేరేసరికి భార్య కుల్సుం వాకిట్లో గోధుమలు ఏరుతోంది. అతని మొహం చూసి చేట పక్కన పెట్టి లోపలికి వెంట వచ్చింది. అమీనా బీ నులక మంచం మీద గోడవైపు తిరిగే ఉంది. ఆ ఇంట్లో మాటలు ఉర్దూలో నడుస్తాయి. మనం తెలుగులోనే విందాం.

"అమ్మీ, లే. రసూల్ ఫోన్లో ఉన్నాడు. నీకోసం కూర్చున్నాడు."

అమీనా బీ కదల్లేదు. "ఏ రసూల్?"

"ఏ రసూల్ ఏంది? నీ రసూల్."

"వాడు మాట్లాడనన్నాడని మూడుసార్లు చెప్తివి గదరా."

"వాడు అన్లేదమ్మీ. ఒకసారి ఎవరూ ఎత్తలా. ఒకసారి వాడు ఆడ లేడు. ఒకసారి నంబరు మారింది. గురవయ్య బాబాయ్‌కి తెలియక..." బూత్‌లో విన్నప్పుడు అంత తేటగా ఉన్న సంగతి ఇప్పుడు తన నోట్లో అబద్ధంలా వినిపించడం గఫార్‌కే తెలుస్తోంది.

ఆవిడ తిరిగి అతని మొహం చూసింది. గ్రీజూ కన్నీళ్ళూ కలిసిన మొహం. చూసి, ఒక నిర్ణయానికి వచ్చినట్టు తల ఊపింది. "డాక్టర్ చెప్పాడా? ఎట్టాగోట్టా మాయచేసి ముసల్దాన్ని గుంటూరు తీసుకురమ్మని?"

"అల్లా సాక్షి అమ్మీ!"

"మొన్న కూడా ఈ నోరే గదా చెప్పింది? అప్పుడూ నేను నమ్మా. మూడుసార్లు చచ్చా నేను, ఈ మంచం మీద. ఇంక నాకు శక్తి లేదురా." ఆవిడ గొంతులో కోపం లేదు, అదే భరించడం కష్టంగా ఉంది.

కుల్సుం కొంగు నోటికడ్డం పెట్టుకుంది. గఫార్ మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "వాడు అడిగాడమ్మీ. నువ్వు బతికున్నావా అని అడిగాడంట."

అమీనా బీ మొహం ఒక్క క్షణం చిన్నపిల్ల మొహంలా అయిపోయింది. అంతలోనే సర్దుకుంది. మళ్ళీ గోడవైపు తిరిగింది.

"నిజంగా అడిగుంటే చెప్పు వాడికి. మీ అమ్మ బతికే ఉంది, మాట్లాడనంది అని."

ఇది ఎవరూ ఎత్తని ఫోను కాదు. మారిన నంబరు కాదు. నిండు స్పృహతో, ఎదురుగా ఉన్న మనిషి కాదనడం. ఈ కాదనడాన్ని మూడు విడతలుగా ఈ మంచం దగ్గరికి మోసుకొచ్చింది తనే. గఫార్ లేచి నిలబడ్డాడు. వీధి చివర కొట్టులోంచి ఫోను మోగడం వినిపించింది. గురవయ్య కేక వినిపించింది. "గఫారూ! లైనొచ్చిందిరా!"

"కుల్సుం," అన్నాడు గఫార్, "ఆ మంచం కోడు పట్టు."

"ఏందిరా? ఏం చేస్తున్నావురా? దించు!"

ఇంజిన్లు ఎత్తిన చేతులు. తలవైపు రెండు కోళ్ళూ అతను, కాళ్ళవైపు కుల్సుం. మంచం నేల విడిచింది, గది దాటింది, గుమ్మంలోకి వచ్చింది. అక్కడ దుప్పటిలోంచి ఒక ఎముకల చెయ్యి బయటికొచ్చి ద్వారబంధాన్ని పట్టుకుంది. గఫార్ లాగాడు. వీధి చివర ఫోను మోగుతూనే ఉంది. ఆ చెయ్యి వదల్లేదు.